మూడిళ్ల కోళ్ల కోసం పాతబస్తీకి

పాతబస్తీ వెళ్లొచ్చానని చెప్పగానే మా కాలేజీలో ఆడవాళ్లంతా నా చేతుల వైపు చూశారు, కొత్త గాజులేవీ అని. గాజులు కొనలేదు. చార్మినార్ ఆటోలోంచి ఒకసారి కనిపించింది, అదీ సగమే, ముందు సిటీ బస్సు అడ్డం వచ్చింది. నాలుగు రోజులు పాతబస్తీలో తిరిగి నేను చూసినవి కోళ్లు. ఈ మాట విని మా వారు కూడా నవ్వారు గనక మీరు నవ్వినా ఏమీ అనుకోను.

కోస్తాలో ఒక పశువైద్య కళాశాలలో నేను జన్యుశాస్త్రం చెబుతాను. పదేళ్లుగా నా పనంతా కోడి రోగనిరోధక కణాల మీద ఉండే కొన్ని ప్రోటీన్ల గురించే. కణంలోకి చేరిన క్రిమి తునకలను పైకి ఎత్తి, ఇదిగో చూడండి అని తక్కిన కణాలకు చూపించడం వాటి పని. వాటిని తయారుచేసే జన్యువు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ప్రోటీన్ మొదలును కట్టే ముక్క వెన్నెముక ఉన్న జీవులన్నిటిలోనూ ఇంచుమించు ఒక్కలాగే ఉంటుంది, ఇవన్నీ ఏనాడో ఒకే పూర్వికుడి నుంచి చీలాయని దాన్ని బట్టే చెబుతాం. క్రిమిని పట్టుకునే పై కొసను కట్టే ముక్క మాత్రం కోడికో తీరుగా మారుతుంది. మనుషుల్లో ఈ జన్యువులు చాలా దూరం పరుచుకుని ఉంటాయి. కోడిలో అవి చిన్న మూటలా దగ్గర దగ్గరగా ఉండి, తల్లి నుంచి పిల్లకు మూట విప్పకుండానే వెళతాయి. కాబట్టి రెండు కోళ్లలో ఆ మూట అక్షరం తేడా లేకుండా ఒకటే అయితే, అవి దగ్గర చుట్టాలని అర్థం.

గొడవ అక్కడే వచ్చింది. నా దగ్గర పరిశోధన చేసే శిరీష కిందటేడు పాతబస్తీలో అసీలు అనే పందెం జాతి కోళ్లను పెంచే ముగ్గురి ఇళ్లకు వెళ్లి చుక్క చుక్క రక్తం తెచ్చింది. మూడిళ్ల వాళ్లూ మా జాతి వేరు, ఇంకెవరితోనూ కలవలేదని ఒట్టేసి చెప్పారు. తీరా వంశవృక్షం గీస్తే మూడిళ్ల కోళ్లూ వచ్చి ఒకే కొమ్మ మీద కూర్చున్నాయి. పత్రికకు పంపితే పరిశీలించినాయన ఒకటే ప్రశ్న రాశాడు: రక్తం గొట్టాల మీద పేర్లు తారుమారు కాలేదని ఏమిటి నమ్మకం?

నేను ఆ ప్రశ్నను నేరుగా శిరీష ముందు పెట్టాను, ల్యాబులో, అయిదుగురి ఎదుట. కాలేదు మేడమ్ అంది. సరిగ్గా గుర్తు తెచ్చుకో అన్నాను. ఎండలో తిరిగావు, అలిసిపోయి ఉంటావు అన్నాను. ఆ పిల్ల మర్నాటి నుంచి మాతో కలిసి భోజనానికి రావడం మానేసింది. ఈ వ్యాసం అచ్చయితేనే ఆమె సిద్ధాంత గ్రంథం ముందుకు కదులుతుంది, డిసెంబరుతో ఉపకారవేతనం ఆగిపోతుంది. అందుకని ఆ మూడిళ్లకూ నేనే వెళ్లి, నా చేత్తో మళ్లీ రక్తం తీసి, నా చేత్తో పేర్లు రాసుకుందామని బయల్దేరాను. నా చెయ్యి ఎప్పుడూ తప్పు చెయ్యదని నాకు గట్టి నమ్మకం.

మాదన్నపేట

దిగింది సైదాబాదులో మా పిన్ని కూతురు సుజాత ఇంట్లో. అది హైదరాబాదు వచ్చి ఇరవై రెండేళ్లయింది, ప్రభుత్వాఫీసులో ఉద్యోగం. దాని హైదరాబాదు మాదన్నపేట కూరగాయల మార్కెట్టుతో సరి, అవతల ఏముందో అది ఎరగదు, కానీ అవతల ఎలా మసలుకోవాలో నాకు అరగంట పాఠం చెప్పింది. బ్యాగు ముందుకు వేసుకో, ఎవరేమిచ్చినా తాగకు, కోళ్ల గురించి గట్టిగా మాట్లాడకు. మూడింటిలో రెండు మొదటి గంటలోనే తప్పాను.

మూడిళ్లలో మొదటిది గౌస్ భాయ్‌ది, ఆయనకు మార్కెట్టులో ఉల్లిగడ్డల దుకాణం. మావైపు ఉల్లిపాయలంటాం అంటే, పేరేదైతేంది మేడమ్, కండ్లల్ల నీళ్లు ఒక్కటే అన్నాడు. చాయ్ తాగితే గాని మాట మొదలుపెట్టనివ్వలేదు. పది రూపాయల చాయ్ సగం గ్లాసే ఉంటుంది, కానీ ఆ సగం గ్లాసు చిక్కదనంతో మా ఇంట్లో నలుగురికి టీ పెట్టొచ్చు. తర్వాత దుకాణం వెనక ఇంటి డాబా మీదికి తీసుకెళ్లాడు. పుంజు మెడ ఎత్తి నన్ను పై నుంచి కిందికి చూసింది. పెళ్లిచూపుల్లో మా అత్తగారు కూడా అలా చూడలేదు.

పుంజును ఎంతసేపైనా చూడమన్నాడు, ఫోటో తీసుకోమన్నాడు. పెట్టను మాత్రం గంప కింది నుంచి తియ్యలేదు, లోపలికి చెయ్యి పెట్టి రెక్క మాత్రం బయటికి చాపి పట్టుకున్నాడు, రక్తం అక్కడే తీసుకోమని. ఈ లోకంలో పుంజు ఊరంతా తిరగొచ్చు, పెట్ట ఇల్లు దాటకూడదు. "నసల్ పెట్టతోని వస్తది మేడమ్. పుంజుదేముంది" అన్నాడు. నసల్ అంటే వాళ్ల భాషలో జాతి, వంశం, పరువు, మూడూ. తన నసల్‌ను తాత బీదర్ నుంచి సైకిల్ మీద తెచ్చాడట. అంత దూరం సైకిల్ మీదా అని అడిగాను. అప్పట్లో మనుషులు వేరే అన్నాడు.

వచ్చేటప్పుడు వాళ్లావిడ రెండు గుడ్లు కాగితంలో చుట్టి ఇచ్చింది. గుడ్డు లావు కొస దగ్గర సూది మొన అంత చిల్లు కనిపించింది. ఇదేమిటంటే గౌస్ భాయ్ ఏ మాత్రం మొహమాటం లేకుండా చెప్పాడు. వీళ్లు తినడానికి ఎవరికైనా గుడ్లిస్తారు, కానీ పొదిగించుకుంటే నసల్ బయటికి పోతుంది గనక ముందే సూది గుచ్చి ఇస్తారు. ఈ పద్ధతి మా జాబితాలో మూడో ఇల్లైన జహనుమా దేవదానం గారిదని, ఆయన్ను చూసి అందరూ నేర్చుకున్నారనీ చెప్పాడు. మావైపు చుట్టాలకు అరిసెలిచ్చేటప్పుడు కూడా ఇంత ముందుచూపు ఉండదు.

మా కోళ్ల రక్తం ఎవరితోనన్న కలిసిందా అని అడిగాడు, ఊరికే అడిగినట్టు. జహనుమా కోళ్లతో కొంచెం పోలిక కనిపిస్తోంది అన్నాను. గౌస్ భాయ్ వెంటనే ఈసారి కర్నూలు ఉల్లిగడ్డ పంట గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు, మెట్లు దిగేదాకా ఆపలేదు.

ఛత్రినాక

రెండో రోజు ఛత్రినాక వెళ్లేసరికి బోనాలకు వారమే ఉంది. గల్లీ గల్లీకి డప్పులు, వేపమండలు, లైట్ల తోరణాలు. ఇక్కడ సెంట్రింగ్ పని చేసే మల్లేశ్ ఇంట్లో పదకొండు కోళ్లున్నాయి, బోనాల వారంలో వాటికి జెడ్ ప్లస్ భద్రత కావాలి. వచ్చిన ప్రతి చుట్టమూ ముందు మల్లేశ్ క్షేమం అడిగి, వెంటనే ఏ పుంజును కోస్తున్నావని అడుగుతున్నాడు. ఆయన విసిగిపోయి గోడ మీద సుద్దముక్కతో రాసి పెట్టాడు: ఇచ్చట కోళ్లు కొయ్యబడవు, ఎవరికి చెప్పుకున్న లాభం లేదు.

మల్లేశ్ మాటకారి. తన నసల్ రాయచూరు కోటలోదట. కోటలో ఎక్కడ అంటే లోపల్నే అన్నాడు. కిందటి వానాకాలం కోడిపిల్లలకు కాళ్లు పడిపోయే జబ్బు వచ్చి పాతబస్తీలో చాలా ఇళ్లు ఖాళీ అయ్యాయి. తన దగ్గర రెండే పోయాయని, అదంతా కోట రక్తం మహిమ అని చెప్పాడు. ఒక్కరి పేరు ఎత్తినప్పుడు మాత్రం ఆ కోట కాస్త కుంగింది.

"జహనుమా దేవదానం బాపు నా కోళ్లను కోళ్లే అనడు మేడమ్. కొంగలు అంటడు. పదిహేనేండ్ల సంది కొంగల మల్లేశ్ అనే పిలుస్తడు" అన్నాడు. అన్నాక ఒక కోడిని ఎత్తుకుని దాని ఈకలు సర్దాడు.

ఇక్కడ నాకొక చిన్న అవమానం జరిగింది. రక్తం గొట్టాలు పెట్టుకున్న థర్మోకోల్ డబ్బాలో ఐసు కరిగిపోయింది. గల్లీ చివర రంగు నీళ్లు పోసి ఐసు అమ్మే బండి దగ్గరికి పరుగెత్తి, రంగు వద్దు, ఐసు ఒక్కటి ఇవ్వమన్నాను. ఆ పెద్దమనిషి నా డబ్బాలోకి తొంగి చూసి ఏముందమ్మా అని అడిగాడు. కోళ్ల రక్తం అన్నాను. బోనాల వారం గదా, నన్ను మరోలా అర్థం చేసుకున్నాడు. డబ్బులు పుచ్చుకోకుండా ఐసిచ్చి, దూరం నుంచే దండం పెట్టాడు. వద్దంటున్నా వినలేదు.

మల్లేశ్ భార్య సునీత అన్నం పెట్టకుండా వదల్లేదు. బగారా అన్నం, పచ్చిపులుసు. మావైపు పచ్చిపులుసు అంటే వంకాయ కాల్చి, మెదిపి నానా హంగామా చేస్తాం. ఇక్కడ చింతపండు పిండి, ఉల్లిగడ్డ కోసి, నువ్వుల పొడి చల్లి, అయిదు నిమిషాల్లో ముందు పెడతారు. రుచిలో మాది ఎక్కువ అని రాయాలని ఉంది కానీ నేను మూడుసార్లు వేయించుకున్నాను. పదకొండు కోళ్ల రక్తం పదకొండు గొట్టాల్లోకి తీసి, ఒక్కో పేరు రెండేసి సార్లు చదువుకుని రాశాను. శిరీష కూడా ఇక్కడే కూర్చుని ఇలాగే రాసిందని, ఒకటికి రెండుసార్లు కోడి కాలికి కట్టిన దారం రంగు చూసి రాసిందని సునీత చెప్పింది. దారం రంగు చూడాలని నాకు తట్టలేదు. మళ్లీ మొదటి నుంచి రాశాను.

జహనుమా

దేవదానం గారు రైల్వేలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి, డెబ్భై దాటాయి. ఫలక్‌నుమా స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు. వరండాలో వరసగా ఎనిమిది ఇనప గూళ్లున్నాయి, అన్నీ ఆయన చేత్తో చేసినవే, అన్నీ కడిగి తుడిచి ఉన్నాయి. ఏడు ఖాళీ. ఎనిమిదో దాంట్లో సుల్తాన్ అనే ముసలి పుంజు ఒంటికాలి మీద నిలబడి ఉంది.

శిరీష వచ్చినప్పుడు ఆ గూళ్లలో పెట్టలున్నాయి. ఆ తర్వాత వానాకాలంలో మొదట కోడిపిల్లలకు కాళ్లు పడిపోయాయి, తర్వాత పెట్టలకు. ఆయన ఆ కోళ్ల తల్లులను, వాటి తల్లులను, తొమ్మిది తరాల దాకా పేర్లతో చెప్పాడు. నల్లది, నల్లదాని బిడ్డ మచ్చది, మచ్చదాని బిడ్డ పెద్దకాళ్లది. నేను క్లాసులో తల్లి వైపు తరాలు రెండు చెబితేనే పిల్లలు ఆవలిస్తారు. చివరి పెట్ట పేరు రాణి. "నాతోనే ఖతం అమ్మా" అన్నాడు. అంత బాధలోనూ ఛత్రినాక వెళ్లొచ్చానని చెప్పగానే, కొంగలు బాగున్నయా అని అడిగాడు.

ఎండలో వచ్చిన మనిషికి నిమ్మ సోడా ఇవ్వకపోతే ఎలాగని, వద్దంటున్నా వినకుండా ఆయన వీధిలోకి వెళ్లాడు. ఇంట్లో ఆయన భార్య మరియమ్మ గారు, నేను మిగిలాం. ఆవిడ ఒక కాన్పుల ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయ్యారు. చేపలు కడుగుతూ, కిందటేడు వచ్చిన సన్నటి పిల్ల రాలేదేమని అడిగారు. సూది గుచ్చితే కోడికి నొప్పవుతుందని ఆ పిల్ల కళ్లలో నీళ్లు పెట్టుకుందట. నాకు తెలియదు ఆ సంగతి. జరిగింది చెప్పాను. మూడిళ్ల కోళ్లు ఒకటేనని లెక్క తేలిందని, అలా జరగడానికి వీల్లేదు గనక ఆ పిల్ల పేర్లు తారుమారు చేసిందంటున్నారని, తేలకపోతే ఆమె చదువు ఆగిపోతుందనీ.

మరియమ్మ గారు కొళాయి కట్టేశారు. చేతులు కొంగుకు తుడుచుకుని వీధి వైపు ఒకసారి చూశారు.

"ఆ పిల్ల తప్పేం లేదు బిడ్డా. నేను చేసిన పని అది" అన్నారు. "ముప్పై ఏండ్లు గుడ్లకు గుచ్చమని ఆయన నా చేతికి సూదిచ్చిండు. నేను ఒక్కదానికి గూడ గుచ్చలే."

ఎందుకని అడిగాను.

"దవాఖానల పొద్దుందాక పిల్లలను బయటికి తీసుడే నా పని. ఇంటికొచ్చి అదే చేత్తోని సూది ఎట్ల పట్టుకుంట?"

కాన్పు అయిన తల్లులకు బలమని ఆవిడ ఆ గుడ్లనే పట్టుకెళ్లి ఇచ్చేవారు. చాలామంది తిన్నారు. మల్లేశ్ భార్య కాన్పూ, గౌస్ భాయ్ భార్య కాన్పూ ఆవిడ చేతుల మీదే జరిగాయి. భర్తలు కోళ్ల పిచ్చివాళ్లు. జహనుమా దేవదానం ఇంటి గుడ్లని తెలిశాక తింటారా, తమ ఇంటి నాటుకోళ్ల కింద పెట్టారు. తర్వాత ఒకరు బీదర్ నుంచి, ఒకరు రాయచూరు కోట నుంచి నసల్ తెచ్చుకున్నారు.

నాకు లేచి ఎగరాలనిపించింది. వంశవృక్షం తప్పు కాదు. ఒకే మూట మూడిళ్లలో ఎందుకుందో తెలిసిపోయింది. కానీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఆయనకు చెప్పకు బిడ్డా, ఆయన బతుకంతా ఆ గూళ్లే అన్నారు. వ్యాసంలో పేర్లు లేకుండా, ఇళ్ల మధ్య గుడ్లు చేతులు మారాయని రాస్తే నాకు చాలు, చెప్పనని మాటిచ్చాను. ఇచ్చాక గాని తట్టలేదు, నసల్ అయిపోయిందని ఏడుస్తున్న మనిషి ఎదుట, అది ఛత్రినాకలో పదకొండు కోళ్లుగా తిరుగుతోందని తెలిసీ నోరు మూసుకుని సోడా తాగాలని. తాగాను. గ్యాసంతా ముక్కులోకి వచ్చింది.

మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం పెట్టారు. చింతపండు మావైపుకన్నా ఎక్కువ, కారం ఇంకా ఎక్కువ. దేవదానం గారు ముద్ద కలుపుతూ, సుల్తాన్ పోయినంక ఈ గూళ్లు పాత ఇనపోడికి ఇచ్చేస్త అన్నాడు. కాకపోతే ఒక్క మాట చెబుతానని, తన నసల్ చెడకుండా పోయిందని, ఛత్రినాక కొంగల్లాగా బజారున పడలేదనీ అన్నాడు.

మరియమ్మ గారు గరిటె గిన్నెలో పెట్టారు. "ఆ కొంగలు మనయే" అన్నారు.

ఆయనకు అర్థం కాలేదు. ఆవిడ మొత్తం చెప్పారు, గొంతు పెంచకుండా, నాకు చెప్పిన వరసలోనే. ఆయన చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది. చివరికి భార్యను కాక నన్ను చూశాడు.

"మీ మిషన్ గూడ గిట్లనే చెప్తున్నదా? మిషన్ తప్పు చెప్పదా?"

"మిషన్ కాదండీ, శిరీష అనే అమ్మాయి చెప్పింది. ఆ పిల్ల పేర్లు తారుమారు చేసే మనిషి కాదు" అన్నాను.

అన్నాక నాకే ఎలాగో అయింది. ఈ మాట అనవలసిన చోట అనకుండా నాలుగు వందల కిలోమీటర్లు వచ్చి, ముక్కూ మొహం తెలియని ముసలాయన ముందు అన్నాను. సిగ్గేసింది.

ఆయన చెయ్యి కడుక్కుని వెళ్లి గూళ్ల దగ్గర కూర్చున్నాడు. నేను కంచం పక్కకు జరిపాను. మరియమ్మ గారు మాత్రం చేప ముళ్లు తీసుకుంటూ నిదానంగా తిన్నారు, ముప్పై ఏళ్ల బరువు దించుకున్న మనిషికి ఆకలి వేస్తుంది కాబోలు. అరగంటకు ఆయన గుమ్మంలోకి వచ్చాడు.

"ఎంతమందికి ఇచ్చినవ్?"

"అడిగినోళ్లందరికి."

"అడగనోళ్లకు?"

"వాళ్లకు గూడ."

నవ్వు ఆపుకోవడం ఎంత కష్టమో నాకప్పుడు తెలిసింది. కానీ ఆయన తర్వాత అడిగిన ప్రశ్నకు నవ్వు పోయింది. మల్లేశ్ కోళ్లు బతికి, తన కోళ్లు ఎందుకు పోయాయని అడిగాడు. ప్రతి కోడిలోనూ ఆ జన్యువుల మూటలు రెండుంటాయి, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. రెండూ వేరు వేరైతే రెండు రకాల క్రిములను పట్టుకునే వీలుంటుంది. తరతరాలుగా బయటి నెత్తురు కలవనివ్వకపోయేసరికి ఆయన కోళ్లలో రెండు మూటలూ ఒకటే అయ్యాయి. మల్లేశ్ కోళ్లలో ఒకటి ఈయనది, రెండోది గల్లీలో తిరిగే నాటుకోడిది. అందుకే అని ఖాయంగా చెప్పలేను, జబ్బుకు సవాలక్ష కారణాలుంటాయి, కానీ అందుకే అయ్యుండొచ్చు అన్నాను.

"అంటె నేనే సంపుకున్ననా?" అన్నాడు.

లేదండీ అనాలని నోటి దాకా వచ్చింది. అది అబద్ధమవుతుంది. ఆయన మీద చాలా జాలి వేసింది. మరియమ్మ గారే ఆయన పక్కన కూర్చుని, నీకు తెల్వక చేసినవ్, నేను తెలిసే ఇచ్చిన, రేపు పోయి చూసొద్దాం పా అన్నారు.

మళ్లీ ఛత్రినాక

నాలుగో రోజు పొద్దున మేం ముగ్గురం ఆటో దిగేసరికి మల్లేశ్ పళ్లు తోముకుంటున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డ దేవదానం గారిని చూసి నోట్లో బ్రష్షు అలాగే ఉంచుకుని కుర్చీ తెచ్చాడు. సునీత మరియమ్మ గారిని చూడగానే విషయం కనిపెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

దేవదానం గారు కుర్చీలో కూర్చోలేదు. గచ్చు మీద కూర్చుని కోళ్లను ఒక్కొక్కటే చూశాడు. ఒక బూడిదరంగు పెట్ట ఆయన ముందు నుంచి అటూ ఇటూ నడిచింది. "మచ్చదాని నడకనే" అన్నాడు మరియమ్మ గారితో. ఆవిడ తలూపారు. మల్లేశ్ ఆగలేకపోయాడు.

"బాపు, నేను రాయచూరు ఎన్నడు చూడలే" అన్నాడు.

పదిహేనేళ్లుగా ఆయన కొంగలని వెక్కిరించినప్పుడల్లా, ఇవి నీ ఇంటియే అని అరిచి చెప్పాలనిపించేదట. చెబితే మరియమ్మ గారి మీద లొల్లి అవుతుందని నోరు మూసుకున్నాడట. ఆ మాట విని దేవదానం గారు బూడిదరంగు పెట్ట వీపు నిమిరాడు. తర్వాత, ఒక్క పెట్ట ఇస్తావా మల్లేశూ అని అడిగాడు. కొంగల మల్లేశ్ అనలేదు.

మల్లేశ్ ఇబ్బందిగా గోడ వైపు చూశాడు. అడిగింది గురువులాంటి మనిషి. అడిగింది మాత్రం పెట్టను.

"పెట్టను ఇల్లు దాటనియ్యద్దని మీరే చెప్తిరి బాపు" అన్నాడు. తనే దారి చూపించాడు. "సుల్తాన్‌ను ఈడికి తీసుకరాండ్రి. మస్తు మంచిగ చూసుకుంట. ఇల్లరికం అనుకోండ్రి."

తొమ్మిది తరాల నసల్ ఇనప గూళ్లలో దాచుకున్న మనిషి, తన ఆఖరి పుంజును ఛత్రినాక గల్లీకి ఇల్లరికపుటల్లుడుగా పంపాలి. పుట్టే పిల్లలు మల్లేశ్ ఇంట్లో పుడతాయి, గల్లీ నెత్తురు కలిసి పుడతాయి. నా శాస్త్రం ప్రకారం అంతకన్న మంచి సంబంధం ఉండదు, కానీ ఆ మాట పైకి అనే ధైర్యం నాకు లేకపోయింది.

దేవదానం గారు బూడిదరంగు పెట్టనే చూస్తూ ఉన్నాడు. "నేను వచ్చి చూసుకోవచ్చునా?" అని అడిగాడు.

"రోజు రాండ్రి. ఫికర్ చేయకుండ్రి" అన్నాడు మల్లేశ్.

సుల్తాన్ ఆ మధ్యాహ్నమే ఆటోలో వచ్చింది. దిగగానే మొదట నా కాలిని పొడిచింది. తర్వాత పెట్టల వైపు తిరిగి మెడ ఎత్తింది. అవి దాన్ని అస్సలు ఖాతరు చెయ్యకుండా నూకలు ఏరుకున్నాయి. ఇల్లరికం మొదటి రోజు ఎవరికైనా అంతే అని సునీత అంది. దేవదానం గారు నవ్వాడు, నేను ఆ నాలుగు రోజుల్లో చూసిన మొదటి నవ్వు అది.

తిరిగి వస్తూ

రైల్లో కూర్చున్నాక థర్మోకోల్ డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను. నేను తీసిన రక్తం ఫలితాలు రావడానికి ఇంకా పదిహేను రోజులు పడుతుంది. అవి వచ్చాక శిరీషకు ఫోన్ చేద్దామని ముందు అనుకున్నాను, అదే శాస్త్రీయం కూడా. నల్గొండ దాటేదాకా అలాగే అనుకుంటూ కూర్చున్నాను. మరియమ్మ గారి మాట విన్నప్పుడు ఏ మిషన్ చూసి నమ్మాను? మరి ఈ పిల్ల మాట నమ్మడానికి నాలుగు రోజులు, పాతిక గొట్టాలు ఎందుకు కావలసి వచ్చాయి?

ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. నువ్వు పేర్లు తప్పు రాయలేదు, నేనే నిన్ను తప్పుగా అనుమానించాను, క్షమించమ్మా అన్నాను.

"ఆ మాట ల్యాబులో చెప్పండి మేడమ్" అంది శిరీష. "అడిగింది అక్కడే కదా."

సోమవారం పదిన్నరకు, ఆ రోజు ఉన్న అయిదుగురూ వచ్చేదాకా ఆగి, చెప్పాను.